శ్లాబు ఇంటి సంరక్షణ: ఏ కాలంలో ఏ పని

తెలుగు నాట కాంక్రీటు శ్లాబు ఇంటికి ప్రధాన శత్రువు నీరు; ఎండ, ఉప్పుగాలి, చెదలు ఆ తరువాతివే. అందువల్ల ఏడాది మరమ్మతుల లెక్కను జనవరిలో కాక, మే నెలలో రోహిణి కార్తెకు ముందే మొదలుపెట్టడం మంచిది. నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ మొదటి, రెండో వారాలలో మన ప్రాంతానికి చేరతాయి. తొలకరి పడ్డాక మేస్త్రీలు దొరకడం కష్టం. దొరికినా, తడిసిన శ్లాబు మీద వేసిన పూత ఎక్కువ కాలం అంటుకొని ఉండదు.

ముందుగా డాబా ఎక్కి, ఎండుటాకులు, ఇసుక ఊడ్చి, రెండు మూడు బకెట్ల నీళ్ళు పోసి అవి ఎటు పోతున్నాయో గమనించాలి. నీరు తూము వైపు కదలకుండా ఒకచోట నిలిచిందంటే అక్కడ వాలు తప్పిందని అర్థం. పది అడుగుల దూరానికి అంగుళం, అంగుళంన్నర వాలు ఉండాలి. చాలా ఇళ్ళలో నీరు శ్లాబు నడిమధ్య నుంచి కాక, పిట్టగోడ శ్లాబును కలిసే మూల నుంచి, తూము గొట్టం చుట్టూ ఉన్న సందు నుంచి, నీళ్ళ ట్యాంకు దిమ్మెల మొదలు నుంచి దిగుతుంది. కాబట్టి డాబా అంతటికీ ఖరీదైన పూత వేయించే ముందు ఈ మూడు చోట్లనూ బాగుచేయించండి. ఒక్కోసారి అంతటితోనే కారడం ఆగిపోతుంది. సన్నని పగులు మీద సిమెంటు పాలు పోసి వదిలేయడం వల్ల ప్రయోజనం లేదు. పగటి ఎండకు వ్యాకోచించి, రాత్రికి సంకోచించే శ్లాబులో ఆ పగులు మళ్ళీ తెరుచుకుంటుంది. పగులు వెంబడి ఉలితో గాడి తీసి, దుమ్ము పూర్తిగా దులిపి, పాలిమర్ (సాగే గుణమున్న జిగురు) కలిపిన మాలుతో, అంటే సిమెంటు ఇసుక మిశ్రమంతో నింపి, తయారీదారు చెప్పినన్ని రోజులు తడపాలి.

లోపలి వైపు పైకప్పు పెచ్చులు ఊడుతుంటే దానిని కేవలం సిమెంటు పని అనుకోకూడదు. లోపలి ఇనుప చువ్వకు తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి, చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి నెట్టివేస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో ఉప్పుగాలి వల్ల ఇది మరింత వేగంగా జరుగుతుంది. వదులైన పెచ్చులన్నీ రాలగొట్టి, చువ్వను తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసిన తరువాతే కొత్త మాలు కొట్టించాలి. చువ్వ సన్నబడినట్లు కనిపిస్తే మేస్త్రీ మాటతో సరిపెట్టుకోక ఇంజనీరుకు చూపించడం తప్పనిసరి.

వర్షాలకు ముందే ఇంకుడు గుంతలో పేరుకున్న పూడిక తీయించి, కరెంటు బోర్డులో లీకేజీని పసిగట్టి సరఫరాను ఆపే ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బొత్తాము నొక్కి చూడాలి. నొక్కగానే సరఫరా ఆగిపోకపోతే దానిని వెంటనే మార్పించండి. తడి గోడల కాలంలో ఇంట్లోవారి ప్రాణాలను కాపాడేది అదే.

తొలి వానల తరువాత సాయంత్రాలు దీపాల చుట్టూ ఉసుళ్ళు ముసురుతాయి. అవి రెక్కలు వచ్చిన చెదపురుగులే. వీధి దీపం దగ్గర కనిపిస్తే కంగారు పడనక్కరలేదు గానీ, ఇంటి గచ్చు సందు నుంచో, ద్వారబంధం మొదలు నుంచో బయటికి వస్తుంటే పుట్ట ఇంటికి ఆనుకొనే ఉందని గ్రహించి చెదల మందు కొట్టించాలి. గోడ మీది మట్టి దారులను చీపురుతో తుడిచేస్తే చెద పోదు, దారి మాత్రం మార్చుకుంటుంది. వానాకాలంలో తలుపులు ఉబ్బి బిగుసుకున్నాయని వెంటనే చిత్రిక పట్టించవద్దు. చలికాలానికి చెక్క ఆరి కుంచించుకున్నాక సందులు పడతాయి.

శ్రావణ భాద్రపదాలలో పిట్టగోడ పగుళ్ళను తప్పక చూడాలి. పక్షులు వదిలిన గింజల నుంచి రావి, మర్రి మొక్కలు అక్కడ మొలుస్తాయి. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడు వేరుతో సహా తేలికగా వస్తుంది. పైన కోసివేస్తే మళ్ళీ చిగురించి, వేరు గోడను చీలుస్తుంది. రావిని పీకడానికి మనసొప్పనివారు దానిని పదిలంగా తీసి గుడి దగ్గరో చెరువు గట్టునో నాటవచ్చు. ఇదే కాలంలో పూలకుండీల పళ్ళాలు, కూలర్ తొట్టి, డాబా మీది పాత సామాను వారానికొకసారి ఖాళీ చేసి ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది కనుక ఆ వారం గడువు దాటనివ్వకూడదు.

దసరాకు రంగులు వేయించే అలవాటు చాలామందికి ఉంది. అయితే ఉత్తర కోస్తాలోనూ తెలంగాణలోనూ అప్పటికి గోడలు పూర్తిగా ఆరవు, నెల్లూరు, తిరుపతి వైపు అసలు వానలు అప్పుడే మొదలవుతాయి. తడి గోడకు వేసిన రంగు బుడగలు లేచి రాలిపోతుంది. రంగుల పనిని సంక్రాంతికి, దక్షిణ కోస్తావారైతే మాఘమాసానికి వాయిదా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం. కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం కూడా ఉంటుంది. విశాఖను 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకింది, 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటింది. హెచ్చరిక రాగానే డాబా మీది రేకులు, కుండీలు దించి, ప్లాస్టిక్ ట్యాంకును నిండా నింపాలి. ఖాళీ ట్యాంకును గాలి లేపుకుపోతుంది.

చలికాలం పనులు తక్కువే. ఉప్పునీటి బోరు ఉన్నవారు గీజరులో పేరుకున్న సున్నాన్ని తీయించి, భద్రతా వాల్వు పనిచేస్తున్నదో లేదో చూపించుకుంటే చాలు.

ఫాల్గుణ చైత్రాలలో సంపు, పై ట్యాంకు కడగాలి. మడ్డి తీసి, గోడలు రుద్ది కడిగి, వెయ్యి లీటర్ల ట్యాంకును నింపి సుమారు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు విడిగా నీటిలో కరిగించి, పైన తేరిన నీటిని అందులో కలిపి, కొన్ని గంటలు ఉంచాలి. తరువాత ఆ నీటిని పారబోసి, మంచినీటితో కడిగాకే వాడుకోవాలి. ఎండలు ముదిరేకొద్దీ నేల ఆరిపోయి ఎర్తింగ్ బలహీనపడుతుంది కనుక, ఎర్తింగ్ గుంతలో వారానికొకసారి బకెట్టు నీళ్ళు పోయాలి. శ్లాబు మీద తెల్లని సున్నం గానీ, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు గానీ ఈ నెలల్లోనే వేయించాలి. గది వేడి తగ్గడంతోపాటు శ్లాబు వ్యాకోచం కూడా తగ్గుతుంది. అయితే పగుళ్ళు పూడ్చకుండా వాటి మీద తెల్లపూత వేస్తే, మే నెలలో అవి కంటికి కనిపించవు.