క్వాసీక్రిస్టల్ మీద సీ60 క్రమంలో కూర్చోవడం లేదా? ముందు లోహాన్ని చూడండి

హన్మకొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, బయటి ల్యాబుల్లో ఉపరితలాల మీద పనిచేసే పిల్లలు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే: "సార్, సీ60 వేశాం, ఆర్డర్ రావట్లేదు." తప్పు సీ60లో, అంటే 60 కార్బన్ పరమాణువుల బంతిలాంటి ఆ అణువులో ఉందనుకుని టెన్షన్ పడతారు. నేనైతే ముందు దాని కింద ఉన్న లోహాన్నే, అంటే క్వాసీక్రిస్టల్‌నే అనుమానిస్తాను.

కొత్తవాడ జంపఖానాలో ఒక పువ్వు చూస్తే తర్వాతిది ఎన్ని పోగుల అవతల వస్తుందో చెప్పొచ్చు. క్వాసీక్రిస్టల్‌లో క్రమం ఉంటుంది కానీ అలా సమాన దూరంలో తిరిగి రాదు. 1982లో శాస్త్రవేత్త షెక్ట్‌మన్ అల్యూమినియం-మాంగనీస్ మిశ్రమంలో చూసింది ఇదే. అణువు ఆ క్రమాన్ని పట్టుకోవాలంటే కింద అది చెడకుండా ఉండాలి.

సమస్య: లీడ్ (ఎలక్ట్రాన్లతో ఉపరితల క్రమాన్ని చూపే పరికరం) తెర మీద ఐదు మడతల సౌష్ఠవం లేదు, సీ60 ఎక్కడపడితే అక్కడ అతుక్కుంటోంది

అల్యూమినియం-పల్లాడియం-మాంగనీస్ క్వాసీక్రిస్టల్ నమూనాలో దీనికి కారణాలు రెండు. ఉపరితలాన్ని శుభ్రం చేయడానికి ఆర్గాన్ అయాన్లతో కొడితే (స్పట్టరింగ్) తేలికైన అల్యూమినియం ఎక్కువగా ఎగిరిపోతుంది. పైన పల్లాడియం ఎక్కువైన మామూలు స్ఫటిక పొర మిగులుతుంది. అనీలింగ్ చేస్తే, అంటే వేడిలో ఉంచితే, లోపలి అల్యూమినియం పైకొచ్చి క్రమం తిరిగి ఏర్పడుతుంది. సుమారు 900 కెల్విన్ దగ్గర గంటల తరబడి ఓపికగా ఉంచండి, తొందరపడి వేడి పెంచకండి. రెండోది ఆక్సిజన్. 10⁻⁶ టార్ పీడనంలో తగిలిన ప్రతి వాయు అణువూ అతుక్కుంటే ఉపరితలం నిండడానికి సెకను చాలు. 10⁻¹⁰ దగ్గర గంటలు పడుతుంది. వాక్యూమ్ అంతవరకూ దిగకుండా పని మొదలుపెట్టొద్దు.

సమస్య: సీ60 వేస్తుంటే పీడనం పెరుగుతోంది

పొడిలో మిగిలిన ద్రావకం, తేమ. ఆవిరయ్యే వేడికి కిందే చాలాసేపు కాచి వాటిని వెళ్లగొట్టండి.

సమస్య: ఎస్‌టీఎంలో (పరమాణువుల స్థాయిలో ఉపరితలాన్ని చూపే సూక్ష్మదర్శిని) షడ్భుజి అమరిక కనిపిస్తోంది

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిక్కు. సీ60లో 12 పంచభుజాలున్నాయి. లోహం మీదా పంచభుజ సౌష్ఠవమున్న చోట్లున్నాయి. అణువు తన పంచభుజాన్ని కిందికి పెట్టి అక్కడ కూర్చుంటే పొర మొత్తం క్వాసీక్రమం నేర్చుకుంటుంది. కానీ అణువులు ఒకదాన్నొకటి లాగే బలం గెలిస్తే సుమారు 10 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో షడ్భుజిలో సర్దుకుంటాయి. నెమ్మదిగా, తక్కువగా వేయండి. నమూనాను వేడిగా ఉంచితే అణువు కదిలి సరైన చోటు వెతుక్కోగలదు. పైపొరలు పడి ఉంటే 500 కెల్విన్ దాటించి లేపేయండి. మొదటి పొర లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది.

సమస్య: ఎఫ్‌ఎఫ్‌టీలో (చిత్రంలోని క్రమాన్ని చుక్కలుగా చూపే లెక్క) ఐదు కాదు, పది చుక్కలు

లోపం కాదు. ఎఫ్‌ఎఫ్‌టీ ప్రతి చుక్కకూ ఎదురు చుక్క చూపిస్తుంది కాబట్టి ఐదు పదవుతాయి. ఇంకా అనుమానమైతే అణువుల మధ్య దూరాలు కొలిచి, వాటి నిష్పత్తులు క్వాసీక్రమానికి గుర్తయిన స్వర్ణ నిష్పత్తి 1.618 చుట్టూ పడుతున్నాయేమో చూడండి.