బడి దారి మీద ఇంటర్న్‌షిప్: డిగ్రీ విద్యార్థులు ఏం చేయాలి, ఎలా చేయాలి

ఆంధ్రప్రదేశ్‌లో సాధారణ డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరం ముగిశాక వేసవి సెలవుల్లో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయవలసి ఉంటుంది. దానికి అంశం వెతుక్కుంటున్నవారు, తమ ఊరి బడికి పిల్లలు నడిచీ సైకిలు తొక్కీ వచ్చే దారిని ఎంచుకోవచ్చు. తెలంగాణలోని జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) వాలంటీర్లకు కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది. అయితే రోడ్డు భద్రత అనగానే బ్యానరు పట్టుకుని ర్యాలీ తీయడం, ప్రతిజ్ఞ చేయించడం, ఫొటోలు దిగడం అలవాటైపోయింది. వాటివల్ల నివేదికలో పేజీలు నిండుతాయే గాని బడి ముందు లారీ వేగం తగ్గదు. ఉన్న సమయంలో ఎక్కువ భాగాన్ని దారిని కొలవడానికీ, కొలిచిన లెక్కను బాధ్యతగల అధికారి ముందు పెట్టడానికీ వెచ్చించాలి.

ఇటువంటి పనికి ఇతర దేశాల్లో చాలాకాలంగా నమూనాలు ఉన్నాయి. అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 2000లో ప్రయోగాత్మకంగా నడిచిన ‘సేఫ్ రూట్స్ టు స్కూల్’ (బడికి భద్రమైన దారులు) అనే కార్యక్రమం 2005లో ఫెడరల్ రవాణా చట్టంలో చోటు సంపాదించుకుంది. అక్కడి బాధ వేరు: 1969లో బడిపిల్లల్లో దాదాపు సగం మంది నడిచో సైకిలు మీదో వెళ్లేవారు, 2009 నాటికి ఆ సంఖ్య 13 శాతానికి పడిపోయింది, కాబట్టి పిల్లలను మళ్లీ నడిపించడం వాళ్ల లక్ష్యమైంది. మన పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ పిల్లలు నడక మానలేదు. విద్యాహక్కు చట్టం నిబంధనలే ప్రాథమిక పాఠశాల 1 కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడి 3 కిలోమీటర్ల లోపల ఉండాలని చెబుతున్నాయి. అంటే ఆ దూరం పిల్లవాడు నడవగలడని ప్రభుత్వమే లెక్కవేసింది. నడిచే దారి సంగతి మాత్రం ఎవరి లెక్కలోకీ వచ్చినట్టు కనిపించదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో దాదాపు ఐదో వంతు పాదచారులే.

పనికి ఒక్క బడిని మాత్రమే తీసుకోవాలి. రాష్ట్ర రహదారో, మండల కేంద్రానికి పోయే రోడ్డో దాటి పిల్లలు రావలసిన ప్రభుత్వ ఉన్నత పాఠశాల అయితే మంచిది. కళాశాల ప్రిన్సిపాల్ సంతకంతో ప్రధానోపాధ్యాయులకు లేఖ ఇచ్చి, మండల విద్యాధికారికి (ఎంఈఓ) ఒక ప్రతి పంపి, రాతపూర్వక అనుమతి తీసుకున్న తరువాతే పిల్లలతో మాట్లాడాలి. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా, ఉపాధ్యాయుల కంటికి కనిపించే చోటే ఉండాలి. పిల్లల పేర్లు, ఇంటి చిరునామాలు రాసుకోకూడదు. ముఖాలు గుర్తుపట్టేలా ఫొటోలు తీయకూడదు.

వేసవి ప్రాజెక్టుకు ఒక చిక్కు ఉంది. డిగ్రీ విద్యార్థికి తీరిక దొరికే మే నెలలో బడులు మూసి ఉంటాయి, సాధారణంగా జూన్ 12న గాని తెరుచుకోవు. అందువల్ల గంటలను రెండు భాగాలు చేసుకోవాలి. రోడ్డు వెడల్పు, కాలువలు, మలుపులు, వీధిదీపాలు, ఆక్రమణలు వంటి కదలని వాటిని మేలో నమోదు చేసి, పిల్లల రాకపోకలను బడులు తెరిచిన తొలి వారాల్లో గమనించాలి. వానలు మొదలయ్యే కాలం కూడా అదే. మురుగుకాలువ పొంగి రోడ్డు అంచు బురదైతే పిల్లలు తారు మీదికి జరుగుతారు, ఎండాకాలంలో చూసిన దారి అప్పటికి మరో దారి అయిపోతుంది.

బడి తెరిచాక మొదటి పని చేతులెత్తించి లెక్కపెట్టడం. ‘ఈరోజు మీరు ఎలా వచ్చారు?’ అని ప్రతి తరగతిలో అడిగి నడక, సైకిలు, ఆటో, బస్సు, ఇంట్లోవాళ్ల బండి అనే వరుసల్లో సంఖ్యలు వేసుకోవాలి. రోజూ ఎలా వస్తారని అడిగితే సరైన జవాబు రాదు, కాబట్టి ‘ఈరోజు’ అనే అడగాలి, వరుసగా వారం రోజులు అడగాలి. ఆ తరువాత పిల్లల చేత తమ దారి బొమ్మ గీయించి, భయం వేసే చోట ఎర్ర చుక్క పెట్టమనాలి. కుక్కలు వెంటపడే సందు, బెల్టుషాపు ముందున్న మూల, రెయిలింగు లేని కల్వర్టు వంటివి పెద్దల సర్వేలో దొరకవు, ఈ చుక్కల్లోనే దొరుకుతాయి.

ఎర్ర చుక్కలు ఎక్కువగా పడిన చోటికి టేపు, స్టాప్‌వాచ్ తీసుకుని వెళ్లాలి. కాలిబాట ఉంటే దాని వెడల్పు కొలవాలి. దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ట్రాన్స్‌ఫార్మర్, టిఫిన్ బండి, ఇసుక కుప్ప ఎంత మేర ఆక్రమించాయో కూడా రాయాలి. ఇంతకంటే ముఖ్యమైనది రోడ్డు దాటే లెక్క. పిల్లవాడు సెకనుకు 1 మీటరు నడుస్తాడనుకుంటే, అంచు నుంచి అంచుకు 14 మీటర్లున్న రోడ్డు దాటడానికి 14 సెకన్లు పడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆ 14 సెకన్లలో సుమారు 194 మీటర్లు వచ్చేస్తుంది. పిల్లవాడు నిలబడే చోట, అతని కంటి ఎత్తుకు వంగి చూసినప్పుడు రోడ్డు అంత దూరం కనబడుతోందా? మలుపో, ఆగి ఉన్న లారీయో, ఫ్లెక్సీయో అడ్డుపడి 80 మీటర్లే కనబడుతుంటే, అక్కడ ఎంత జాగ్రత్తగల పిల్లవాడికైనా దాటడం గండమే. ఈ ఒక్క లెక్క వంద నినాదాల పెట్టు.

వేగం కొలవడానికి యంత్రం అక్కరలేదు. రోడ్డు పక్కన 50 మీటర్ల ఎడంలో రెండు గుర్తులు ఎంచుకుని, వాహనం మొదటి గుర్తు దాటినప్పటి నుంచి రెండోది దాటేవరకు ఎంత సమయం పట్టిందో చూస్తే చాలు. 6 సెకన్లు పడితే వేగం 30 కిలోమీటర్లు, 3.6 సెకన్లు పడితే 50. నడిచేవారూ వాహనాలూ కలిసి తిరిగే చోట వేగం 30 దాటకూడదని రోడ్డు భద్రతపై 2020 ఫిబ్రవరిలో జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు వెలువరించిన స్టాక్‌హోమ్ ప్రకటన చెబుతోంది. 50 వేగంతో వచ్చే వాహనానికి 30తో వచ్చేదానికంటే సుమారు 2.8 రెట్ల శక్తి ఉంటుంది. ఈ పని చేసేటప్పుడు ఇంటర్న్‌లు రోడ్డు మీదికి రాకూడదు, వాహనాలను ఆపడానికి అసలే ప్రయత్నించకూడదు; అది పోలీసుల పని.

సైకిళ్ల విషయానికి వస్తే, ఊళ్లో సైకిళ్లు బాగుచేసే మేస్త్రీని ఒక పూట బడికి పిలిపించడం ఏ ఉపన్యాసం కన్నా మేలు. బ్రేకులు, గాలి, చైను, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు చూడాలి. సీటు మీద కూర్చున్నప్పుడు ముని వేళ్లయినా నేలకు ఆనాలి. ఆడపిల్లల సైకిలుకు చైను కవరు, వెనుక చక్రానికి జాలీ (వల) ఉన్నాయో లేదో తప్పక చూడాలి, ఎందుకంటే చున్నీ చక్రంలో చిక్కుకుంటే పడిపోవడం క్షణంలో జరిగిపోతుంది. పుస్తకాల సంచీ హ్యాండిల్‌కు వేలాడదీయకుండా క్యారియర్‌కు కట్టించాలి. కాలిబాట లేనిచోట నడిచేవారు ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడి అంచున, సైకిలు తొక్కేవారు ఎడమ అంచున వెళ్లాలన్న తేడాను మైదానంలో ముగ్గు గీసి నడిపించి, తొక్కించి చూపాలి.

చిన్న తరగతుల పిల్లలకు నడక బృందం ఏర్పాటు చేయవచ్చు. 1990లలో ఆస్ట్రేలియా నుంచి వ్యాపించిన ఈ పద్ధతిలో బస్సుకు ఉన్నట్టే దారి, ఆగే చోట్లు, సమయాలు నిర్ణయించి, ముందొక పెద్దవారు, వెనుకొక పెద్దవారు పిల్లలను నడిపిస్తారు. ఇంటర్న్‌లే నడిపిస్తే వాళ్లు వెళ్లిన మర్నాడే ఇది ఆగిపోతుంది. కాబట్టి మొదటి రోజు నుంచే డ్వాక్రా సంఘంలోని తల్లులకో, రిటైరైన పెద్దలకో అప్పగించి, మీరు పక్కన నడిస్తే చాలు.

తల్లిదండ్రుల సమావేశంలో ఒక్క చట్టం సంగతి సూటిగా చెప్పాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు. స్కూటీ మీద ముగ్గురేసి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లలున్న బడిలో ఇది అవసరం.

చివరి ఘట్టం అర్జీ. ముందుగా రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి: పంచాయతీదా, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖదా, రోడ్లు భవనాల శాఖదా (ఆర్ అండ్ బీ), జాతీయ రహదారా అన్నదాన్ని బట్టి చిరునామా మారుతుంది, తప్పు కార్యాలయానికి వెళ్లిన కాగితం అక్కడే ఉండిపోతుంది. కొలతలు, పటం, రెండు ఫొటోలతో రెండు పేజీలు మించకుండా రాసి, దానికి పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం జతచేయాలి. విద్యార్థి సంతకంకన్నా కమిటీ తీర్మానానికి బరువెక్కువ. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో అయితే ప్రజావాణిలో ఇచ్చి, రసీదు నంబరు తీసుకోవాలి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు కాబట్టి ఒక ప్రతిని ఆ కమిటీ పేర కూడా రాయడం మంచిది. పాదచారులకు కాలిబాట హక్కు రాజ్యాంగం 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పిన మాటను అర్జీలో ఒక్క వాక్యంగా ఉదహరించవచ్చు.

కోరేది చిన్నదై ఉండాలి. జీబ్రా గీతలు, బడి బోర్డు, పొదల నరికివేత, బడి వేళల్లో లారీల పార్కింగ్ నిషేధం వంటివి త్వరగా జరుగుతాయి. స్పీడు బ్రేకరు కోరితే ప్రమాణం కూడా రాయాలి: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన తెల్లరంగు, ముందుగా హెచ్చరిక బోర్డు. ఊరివాళ్లే సిమెంటు కుప్పపోసి కట్టే దిబ్బలు సైకిలు పిల్లలనే పడదోస్తాయి.

నివేదికలో లాగ్‌బుక్‌తో పాటు అర్జీ రసీదు, కమిటీ తీర్మానం ప్రతి, కొలతల పట్టిక ఉంచాలి. కొలిచిన చోటును స్తంభం నంబరుతో సహా రాసి ఒక ప్రతిని ప్రధానోపాధ్యాయుల వద్ద వదిలితే, మార్పు జరిగాక తరువాతి బ్యాచ్ అదే చోట, అదే వేళకు మళ్లీ వేగం కొలిచి పోల్చగలుగుతుంది.