కిట్ కారుకు చక్రాలు, టైర్లు: ఎక్కడా ఒరుసుకోకుండా అమర్చడం

కారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టినంత మాత్రాన సరిపోయిందనుకోకూడదు. గుంతలో పడి స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు, అదే క్షణంలో స్టీరింగ్ ఒక పక్కకు తిరిగి ఉంటే, ఆ నాలుగు వేళ్లలో ఎంత మిగులుతుందన్నదే అసలు లెక్క. కంపెనీ కారుకు ఈ పరీక్షలన్నీ ముందే అయిపోయి ఉంటాయి. కిట్ కారులో, అంటే విడిభాగాలు తెచ్చి సొంతంగా కట్టుకునే కారులో, ఛాసిస్ ఒక చోటిది, హబ్బులూ (చక్రం బిగించే భాగాలు) బ్రేకులూ డోనర్ కారువి (భాగాల కోసం విప్పిన పాత కారువి), బాడీ ఫైబర్ అచ్చులోంచి తీసింది, చక్రాలు మీకు నచ్చినవి. అవన్నీ ఒకదానితో ఒకటి కుదిరాయో లేదో కారు కట్టేవారే కొలిచి తేల్చుకోవాలి. అదీ టైర్లు కొనకముందే.

హబ్ దగ్గర మొదలుపెట్టండి

మొదట చూడాల్సింది పీసీడీ, అంటే బోల్టుల మధ్యబిందువుల మీదుగా పోయే వృత్తం వ్యాసం. నాలుగు బోల్టులైతే ఎదురెదురు బోల్టుల మధ్య దూరమే పీసీడీ. ఐదైతే పక్కపక్కనున్న రెండింటి మధ్య దూరాన్ని 1.701తో గుణించాలి. ఫోర్డ్ సియెరా భాగాలతో కట్టిన కార్లకు 4×108 (నాలుగు బోల్టులు, 108 మి.మీ. పీసీడీ), మాజ్దా ఎంఎక్స్-5 మొదటి రెండు తరాల భాగాలతో కట్టినవాటికి 4×100 ఉంటుంది. 4×98 చక్రం 4×100 హబ్ మీదికి బలవంతంగా ఎక్కినట్టే కనిపిస్తుంది, నట్లు కూడా బిగుస్తాయి. కానీ బోల్టులు కాస్త వంగి, నట్టు కోను (దాని ఏటవాలు ముఖం) ఒక పక్కే ఆనుతుంది. నడుస్తూ నడుస్తూ నట్లు వదులవుతాయి. 2 మి.మీ. తేడాయే కదా అని సర్దుకోకండి.

తర్వాత చక్రం మధ్య రంధ్రం. అది కూర్చునే బొడిపె ఎంఎక్స్-5 పాత హబ్బుకు 54.1 మి.మీ. చక్రం రంధ్రం అంతకంటే పెద్దదైతే మధ్యలో సరిపోయే రింగు వేయాలి. లేకపోతే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోక స్టీరింగ్ వణుకుతుంది, బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. నట్టు ఆనే చోటు కూడా చూడండి. 60 డిగ్రీల కోను, గుండ్రటి సీటు, బల్లపరుపు వాషరు మూడూ వేర్వేరు. ఒకదానికి చేసిన నట్టును ఇంకోదానికి వాడకూడదు.

ఆఫ్‌సెట్ లెక్క

చక్రం హబ్బుకు ఆనే ముఖం, రిమ్ము మధ్యగీతకు ఎంత దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. చక్రం మీద దాన్ని ఈటీ అని రాస్తారు. ఈటీ35 అంటే ఆ ముఖం మధ్యగీత నుంచి 35 మి.మీ. బయటి వైపుకు ఉందని. ఆ అంకె పెరిగేకొద్దీ చక్రం లోపలికి పోతుంది, తగ్గితే బయటికి వస్తుంది.

ఒక ఉదాహరణ. 7 అంగుళాల రిమ్ము, ఈటీ35, 205/50ఆర్15 టైరు (వెడల్పు 205 మి.మీ., పక్క ఎత్తు అందులో 50 శాతం, రిమ్ము 15 అంగుళాలు). రిమ్ము వెడల్పును బట్టి టైరు బొజ్జ మారుతుంది, అర అంగుళానికి సుమారు 5 మి.మీ. ఈ కొలత టైరు 6.5 అంగుళాల రిమ్ము మీద 214 మి.మీ., కాబట్టి ఈ రిమ్ము మీద దాదాపు 219 మి.మీ. ఉంటుంది. సగం దాదాపు 110. హబ్ ముఖం నుంచి లోపలికి 110+35, అంటే 145 మి.మీ.; బయటికి 110−35, అంటే 75 మి.మీ. వ్యాసం 381 (15 అంగుళాలు) + 205 (రెండు పక్కల ఎత్తు), అంటే 586 మి.మీ. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసుకుంటే చాలు, చక్రం చేతికి రాకముందే ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. అదే ఆఫ్‌సెట్‌తో 8 అంగుళాల రిమ్ముకు పోతే రిమ్ము అంచు రెండు పక్కలా 12.7 మి.మీ. చొప్పున జరుగుతుంది. చాలామంది బయటి వైపే చూసుకుని లోపలి వైపు మరిచిపోతారు.

ఇంకో మాట. ఒకే కొలత ముద్రించిన రెండు కంపెనీల టైర్లు ఒకే వెడల్పు ఉండవు, భుజం ఆకారమూ మారుతుంది. అంచనాకు ముద్రించిన కొలత చాలు, నిర్ణయానికి మాత్రం ఆ మోడల్‌కు తయారీదారు ఇచ్చిన అసలు వెడల్పు, వ్యాసం చూడండి.

ఎంత ఖాళీ ఉండాలి

రిమ్ముకూ కాలిపర్‌కూ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) మధ్య కనీసం 3 మి.మీ. ఈ రెండూ సస్పెన్షన్‌తో కలిసే పైకి కిందకి కదులుతాయి కాబట్టి అంత తక్కువ చాలు. అయితే రిమ్ము లోపల అంటించే బ్యాలెన్సింగ్ బరువులు 4, 5 మి.మీ. మందం ఉంటాయి. అవి కాలిపర్ మీదుగా పోయే చోట పడితే మొదటి చుట్టులోనే ఊడిపోతాయి. బరువులు ఎక్కడ అంటించాలో ముందే చెప్పాలి. స్టీరింగ్ రాడ్డు చివర, పై బాల్ జాయింట్ దగ్గర రిమ్ముకు 5 మి.మీ. ఉండాలి. టైరుకూ సస్పెన్షన్ చేతులకూ మధ్య 10 మి.మీ. ఉంచండి. టైరుకూ ఛాసిస్, బాడీ, బ్రేకు పైపులకూ మధ్య 15 నుంచి 20. మలుపులో టైరు పక్కకు ఉబ్బుతుంది, బుష్‌లు నలుగుతాయి, ఫైబర్ అదురుతుంది. ఆ కదలికలన్నీ ఈ 20 మి.మీ.లోనే ఇమడాలి.

పూర్తి కదలికలో పరీక్ష

ఇదే అసలు పని, దీనికి ఒక రోజు పూర్తిగా కేటాయించండి. ఛాసిస్‌ను నాలుగు స్టాండ్ల మీద సమంగా నిలబెట్టండి. స్ప్రింగులు తీసేసి షాక్ అబ్జార్బర్‌ను బంప్ స్టాప్‌తో (కదలికను చివర్లో ఆపే రబ్బరు ముక్కతో) సహా తిరిగి బిగించండి. స్ప్రింగు ఉంచితే జాకీ సస్పెన్షన్‌ను అణచదు, తేలికైన కిట్ కారునే స్టాండ్ల మీది నుంచి పైకి ఎత్తేస్తుంది. ముందుగా బిగించి ఉన్న స్ప్రింగును కంప్రెసర్ లేకుండా విప్పకండి, ఎగిరి తగిలితే ఎముకలు విరుగుతాయి.

బాడీ బిగించి, టైరెక్కించి గాలి నింపిన ఒక చక్రం వేయండి, అరువు తెచ్చినదైనా పరవాలేదు. హబ్ కింద జాకీ పెట్టి నాలుగు ఎత్తుల్లో ఆపండి: పూర్తిగా వేలాడినప్పుడు, మామూలు ఎత్తులో, సగం అణిగి, పూర్తిగా అణిగి. ప్రతి ఎత్తులోనూ స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ, చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పుతూ, ఎక్కడ సందు తక్కువుందో అక్కడ టేపు అంటించి అంకె రాయండి. చేయి దూరని చోట బంకమట్టి ముద్ద అతికించి, నలిగాక దాని మందం కొలవండి. రబ్బరు బంప్ స్టాప్ తాకగానే ఆగిపోదు, రోడ్డు మీద ఇంకా నలుగుతుంది. పూర్తిగా అణిగిన చోట ఆ కొంచెం కూడా కలుపుకోవాలి.

కళ్లు తప్పించుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. చక్రం పూర్తిగా తిరిగినప్పుడు లోపలి భుజం వెనక భాగం ఛాసిస్ గొట్టానికి తగులుతుంది. ఎదురు వైపు తిప్పితే ముందు భాగం యాంటీ రోల్ బార్‌ను (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీని) వెతుక్కుంటుంది. బ్రేకు హోస్ చక్రం వేలాడుతూ తిరిగినప్పుడే బిగుసుకుని టైరు వైపు లాగుతుంది. క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వంగే కోణం) మార్చినా సందు మారుతుంది: 586 మి.మీ. టైరుకు ఒక డిగ్రీ వంపు పై అంచును సుమారు 5 మి.మీ. జరుపుతుంది. అందుకే అలైన్‌మెంట్ దాదాపు సరిచేశాకే కొలవాలి. వెనక పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసును ఛాసిస్‌కు అడ్డంగా పట్టి ఉంచే కడ్డీ) ఉంటే ఇరుసు పైకి కిందకి పోతూ పక్కకు కూడా జరుగుతుంది. బల్లపరుపుగా ఉన్న 900 మి.మీ. రాడ్డుకు 75 మి.మీ. కదలికలో జరుగుడు 3 మి.మీ. రాడ్డు పొట్టిదైతే ఇంకా ఎక్కువ.

రెండు పక్కలా విడివిడిగా కొలవండి. ఫైబర్ బాడీ కుడి ఎడమలు అచ్చం ఒకేలా ఉంటాయని నమ్మకూడదు. బాడీకి రంధ్రాలు కొట్టకముందే దాన్ని చక్రాలను బట్టి మధ్యకు జరుపుకుంటే సగం తలనొప్పి అక్కడే తీరుతుంది. చక్రంతో పాటు తిరిగే సైకిల్ మడ్‌గార్డులకు టైరుతో సందు మారదు, 20 మి.మీ. చాలు. కానీ మడ్‌గార్డు లోపలి అంచు పూర్తి మలుపులో బానెట్‌కు, హెడ్‌లైటుకు తగులుతుందేమో చూడాలి.

తగిలితే ఏం చేయాలి

సరైన ఆఫ్‌సెట్ చక్రమే మేలైన మందు. స్పేసర్ (హబ్బుకూ చక్రానికీ మధ్య పెట్టే బిళ్ల) వేస్తే టైరు నేలను తాకే చోటు స్టీరింగ్ ఇరుసు నుంచి బయటికి జరిగి, స్టీరింగ్ బరువెక్కుతుంది, బేరింగ్ మీద భారం పెరుగుతుంది. 5 మి.మీ. స్పేసరైనా సరే, వేశాక నట్టు పట్టే మర ఎంతుందో లెక్కపెట్టాలి. ఎం12×1.5 బోల్టుకు (12 మి.మీ. వ్యాసం, చుట్టుకు 1.5 మి.మీ. మర) కనీసం 8 పూర్తి చుట్లు తిరగాలి. తక్కువైతే పొడవాటి స్టడ్లు (హబ్‌లోంచి పొడుచుకొచ్చే బోల్టులు) వేయండి. పూర్తి మలుపులో మాత్రమే తగులుతుంటే స్టీరింగ్ రాక్‌కు (చక్రాలను తిప్పే పళ్ల కడ్డీకి) రెండు వైపులా సమానంగా స్టాప్ ముక్కలు వేస్తే సరిపోతుంది. మడ్‌గార్డు లోపలి అంచు కోయడం ఆఖరి దారి. ఫైబర్ ధూళి ఊపిరితిత్తులకు చేటు, మంచి మాస్కు లేకుండా గ్రైండర్ ఆన్ చేయకండి. కోసిన అంచుకు రెజిన్ పూయండి.

బిగించడం, మళ్లీ చూడటం

హబ్ ముఖం వైరు బ్రష్‌తో గీకి శుభ్రం చేయండి. నట్లను ఎదురెదురుగా, రెండు విడతల్లో, హబ్బుకూ చక్రానికీ సరిపడే టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. అల్లాయ్ చక్రాలు కొత్తగా కూర్చుంటాయి కాబట్టి 80 నుంచి 100 కి.మీ. తిరిగాక తప్పకుండా మళ్లీ బిగించాలి. టైరు గాలి డోనర్ కారు అంకె ప్రకారం పెట్టకండి, సగం బరువున్న కారుకు అది ఎక్కువై టైరు మధ్యలోనే అరుగుతుంది.

మొదటి ప్రయాణానికి ముందు టైర్ల భుజాలకూ, మడ్‌గార్డుల లోపలి అంచులకూ సుద్ద పూయండి. పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకుని, ఎగుడుదిగుడు దారిలో నెమ్మదిగా రెండు వైపులా తిరిగి రండి. సుద్ద చెరిగిన చోటల్లా టైరు తాకిందన్నమాట. అక్కడ సరిచేసి, మళ్లీ సుద్ద పూసి, అదే దారిలో ఇంకోసారి వెళ్లి రండి.