ఇంట్లో 737 – నాలుగో పాఠం: దిగనంటున్న విమానం

పోయిన పాఠంలో సిమ్యులేటర్‌లో హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రూట్ ఎక్కించి, 36,000 అడుగులకు చేరి, విమానాన్ని వీనావ్‌కి (ఎక్కడం, దిగడం చూసుకునే ఆటోపైలట్ పద్ధతికి) వదిలేశాం. ఆ తర్వాత మీ నుంచి వచ్చిన ప్రశ్న దాదాపు ఒక్కటే: "టాప్ ఆఫ్ డిసెంట్ (దిగడం మొదలవ్వాల్సిన చోటు) దాటిపోయింది, విమానం దిగట్లేదు, ఏం చేయాలి?" కొందరు ఢిల్లీ దాటి హిమాలయాలు చూసొచ్చారు. ఒకరైతే సిమ్యులేటర్‌లో వాడే పీఎండీజీ కంపెనీ 737-800 మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నారట. అంత టెన్షన్ ఎందుకండీ! అసలు విమానం కూడా ఇలాగే మొండికేస్తుంది. ఐఎల్ఎస్ (రన్‌వే మీదికి రేడియోతో దారి చూపే పద్ధతి) ఈసారి చెప్తానన్నాను గానీ, ముందు దీని సంగతి తేల్చుకుందాం. రూట్, స్టార్ (ఎయిర్‌పోర్ట్‌కి చేరే నిర్ణీత దారి), బరువులు ఎక్కించడం మీకు వచ్చేసిందనే అనుకుంటున్నాను.

ఎదుటి అద్దాల కింద ఉండే ఎంసీపీలో (ఆటోపైలట్ బటన్ల ప్యానెల్‌లో) కుడివైపు ఆల్టిట్యూడ్ విండో ఉంది కదా, అక్కడే ఉంది కిటుకంతా. వీనావ్ ఎంత తెలివైనదైనా ఆ విండోలోని అంకెను దాటదు. ఎక్కేటప్పుడు దాని పైకి పోదు, దిగేటప్పుడు దాని కిందికి రాదు. మీ విండోలో 36000 అలాగే ఉంది. ఎఫ్ఎంసీ, అంటే విమానంలోని కంప్యూటర్, దిగడానికి లెక్కలన్నీ వేసుకుని కూర్చుంది, మీరు మాత్రం కిందికి రమ్మనలేదు. తాళం వేసితిని గొళ్ళెం మరచితిని అంటే ఇదే.

ఇలా ఎందుకు పెట్టారంటే, అసలు పైలట్ తన ఇష్టం వచ్చినప్పుడు దిగలేడు. కంట్రోలర్ ఏ ఎత్తుకు దిగమంటే ఆ ఎత్తును విండోలో పెడతాడు, పక్కనున్న పైలట్ కూడా చూసి సరే అంటాడు. అనుమతి రాకముందే కంప్యూటర్ దిగిపోతే, కింద ఇంకో విమానం ఉండొచ్చు.

నాకు చిరాకు తెప్పించేది ఇంకోటుంది. టాప్ ఆఫ్ డిసెంట్ దగ్గరపడ్డాక కూడా మీరు అంకె మార్చకపోతే, సీడీయూ (ఎఫ్ఎంసీకి ఉండే స్క్రీన్, కీబోర్డు) అడుగు వరసలో 'రీసెట్ ఎంసీపీ ఆల్ట్' అని ఎఫ్ఎంసీ రాసి మరీ అడుగుతుంది. మీరేం చేస్తున్నారు? క్లియర్ బటన్ నొక్కి మెసేజ్ చెరిపేస్తున్నారు! చెరిపే ముందు చదవండి. వీనావ్ బటన్ మీద లైట్ చూసి కూడా మోసపోవద్దు. ఎదురుగా స్క్రీన్ పైభాగంలో ఎఫ్ఎంఏ (ఆటోపైలట్ ఏ పద్ధతిలో ఉందో చూపే వరస) ఉంటుంది, దాని కుడి గడి చూడండి. క్రూయిజ్‌లో, అంటే పైన తిన్నగా పోతున్నప్పుడు, అక్కడ 'వీనావ్ పాత్' అని ఉంటుంది. 'వీనావ్ ఆల్ట్' అని మారిందంటే, విండో అడ్డుపడి విమానం ఆ ఎత్తులోనే ఆగిపోయిందని అర్థం. అప్పుడు అంకె మార్చడంతో సరిపోదు, ఆల్ట్ ఇంటర్వెన్షన్ బటన్ కూడా నొక్కాలి. టాప్ ఆఫ్ డిసెంట్ మరీ దాటిపోయి ఉంటే నేనైతే వీనావ్ జోలికే పోను. లెవెల్ ఛేంజ్ (విండోలోని ఎత్తుకు నేరుగా తీసుకెళ్లే బటన్) నొక్కి, స్పీడ్‌బ్రేక్ (రెక్కల మీద పలకల్ని లేపి గాలిని అడ్డుకునేది) లాగి దిగిపోతాను.

ఇదే గొడవ వేరే వేషాల్లోనూ వస్తుంది. టేకాఫ్‌కి ముందు విండోలో 5000 పెట్టి మరిచిపోతే 5,000 దగ్గరే ఆగిపోతారు. దిగేటప్పుడు 10000 పెట్టి టీకి వెళ్లొస్తే, విమానం 10,000 దగ్గర తిన్నగా పోతూ ఉంటుంది, దిగాల్సిన దారి కిందికి జారిపోతూ ఉంటుంది, రన్‌వే దగ్గరికొచ్చేసరికి మీరు ఆకాశంలోనే ఉంటారు. అదే అంకెను ముందుగానే తగ్గిస్తే మాత్రం ఏ నష్టమూ లేదు. క్రూయిజ్‌లో ఉన్న వీనావ్ టాప్ ఆఫ్ డిసెంట్ వచ్చేదాకా ఆగి, అప్పుడే ముక్కు దించుతుంది. అందుకే ఆన్‌లైన్ కంట్రోలర్ (నెట్‌లో కంట్రోలర్ పాత్ర వేసే మనిషి) లేనప్పుడు, అక్కడికి ఇంకా 20 నాటికల్ మైళ్లు ఉండగానే, స్టార్‌లో చివరికి ఏ ఎత్తుకు చేరాలో ఆ అంకె పెట్టేస్తాను. కంట్రోలర్ ఉంటే ఆయన చెప్పిందే పెట్టాలి, ఇక వేరే మాట లేదు.

ఎఫ్ఎంసీని గుడ్డిగా నమ్మకుండా నోటిలెక్క ఒకటి చేతిలో ఉంచుకోండి. దిగాల్సిన ఎత్తును వేలల్లో తీసుకుని మూడుతో గుణించి, వేగం తగ్గడానికి 10 కలపండి. ఢిల్లీ ఎత్తు 777 అడుగులే కాబట్టి వదిలేయొచ్చు. 36 మూళ్లు 108, పది కలిపితే 118 నాటికల్ మైళ్లు. దిగే రేటుకు గ్రౌండ్‌స్పీడ్‌ని (నేలతో పోల్చి చూసే వేగాన్ని) ఐదుతో గుణించాలి: 440 నాట్లయితే నిమిషానికి 2,200 అడుగులు. వెనకగాలి ఉంటే ఇంకాస్త ముందే మొదలుపెట్టాలి, లేకపోతే 'డ్రాగ్ రిక్వైర్డ్' అని ఎఫ్ఎంసీ గోల పెడుతుంది. దానికి జవాబు స్పీడ్‌బ్రేక్.

అన్నట్టు, టాప్ ఆఫ్ డిసెంట్ దగ్గర సిమ్యులేటర్ తనంతట తానే పాజ్ అయ్యే ఏర్పాటు పీఎండీజీ సెటప్ పేజీల్లో ఉంది. భోజనానికి లేచేవాళ్లు పెట్టుకోండి. నేర్చుకునేన్నాళ్లు వద్దని నా మాట. ఉచితంగా దొరికే ఫ్లైబైవైర్ ఏ320 నడిపేవాళ్లకు పద్ధతి వేరు: అక్కడ అంకె తగ్గించి నాబ్‌ను లోపలికి నొక్కితేనే దిగడం మొదలవుతుంది.

ఇక అభ్యాసం. ఈసారి ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు రండి. దక్షిణానికి కాస్త తూర్పుగా వస్తారు కాబట్టి బేసి లెవెల్ (బేసి వేల ఎత్తు), 37,000 పెట్టండి. శంషాబాద్ ఎత్తు 2,024 అడుగులు, లెక్కలో దాన్ని తీసేయడం మరవద్దు. టాప్ ఆఫ్ డిసెంట్ ఎక్కడో ముందు కాగితం మీద వేసుకుని, ఆ తర్వాతే ఎఫ్ఎంసీ అంకె చూడండి. పది మైళ్ల కంటే ఎక్కువ తేడా వస్తే కారణం వెతకండి: గాలా, స్టార్‌లో ఎత్తు నిబంధనా? మొదటిసారి వీనావ్‌తో దిగండి. రెండోసారి వీనావ్ ముట్టుకోకుండా వర్టికల్ స్పీడ్‌తోనే దిగి, మీ లెక్క ప్రకారం ఉండాల్సిన ఎత్తుకు వెయ్యి అడుగులు అటూఇటూ మించకుండా, 10,000 దాటేలోపు 250 నాట్లకు తగ్గి చూపించండి. రెండోది కుదిరినవాళ్లకే వచ్చే పాఠంలో ఐఎల్ఎస్ సులువవుతుంది. మిగతావాళ్లు ఇంకో ట్రిప్ వేయండి.