నీలి లైట్లు లేకుండా వేగంగా వెళ్లే పోలీసు కారుపై ఫిర్యాదు చేయడం ఎలా

బ్రిటన్ మోటార్‌వేపై ఒక పోలీసు కారు నీలి లైట్లు వేయకుండానే గంటకు 70 మైళ్ల పరిమితిని మించి దూసుకుపోతే వెంటనే తప్పుపట్టకండి. పరిమితిని పాటించడం వల్ల పోలీసు పనికి ఆటంకం కలిగేటట్లయితే 1984 నాటి రోడ్డు ట్రాఫిక్ నియంత్రణ చట్టంలోని 87వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, అందుకు లైట్లు తప్పనిసరి కాదు. డ్యూటీ ముగించుకుని స్టేషన్‌కు చేరే తొందర మాత్రం ఆ కోవలోకి రాదని నా అభిప్రాయం. ప్రమాదకరంగా నడపడానికి ఆ సెక్షన్ రక్షణ ఇవ్వదు.

ఆ కారును వెంబడించకండి. 70 మైళ్ల వేగంలో బండి ఆగడానికే సుమారు 96 మీటర్లు పడుతుంది. సమయాన్ని, రిజిస్ట్రేషన్ నంబరును, రోడ్డు పక్క చిన్న నీలి పలకపై కనిపించే స్థాన సంఖ్యను పక్క సీటులోని వారిచేత రాయించి, డ్యాష్‌క్యామ్ దృశ్యం చెరిగిపోకముందే భద్రపరచి, ఆ పోలీసు విభాగానికే ఫిర్యాదు పంపండి.