సకినాలు తగ్గించు తమ్మీ, అడాప్టర్ మాత్రం ఇంట్లో వదిలిరాకు

మొన్న శనివారం కాజీపేట తమ్ముడొకడు ఇక్కడ అమెరికాలో దిగాడు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చి సూట్‌కేసులు విప్పితే కారం, చింతపండు, కుక్కర్, రెండు డబ్బాల సకినాలు, బట్టల మధ్య భద్రంగా గేమింగ్ ల్యాప్‌టాప్. అన్నీ బాగానే ఉన్నాయి. "చార్జర్ ఏదిరా?" అంటే జేబులోంచి 65 వాట్ల టైప్-సీ చార్జర్ తీసి చూపించాడు. "టైప్-సీ ఏదైనా ఒకటే కదన్నా" అన్నాడు. వాడిని తిడదామనుకున్నాను కానీ నోరు రాలేదు, ఎందుకంటే నేను వచ్చినప్పుడు చేసిందీ అదే.

సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా, సిమ్ గురించి నేను చెప్పను. నీ రూమ్మేట్లు మొదటి రోజే చెవులు తూట్లు పడేలా చెప్తారు. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే ఈ లావు అడాప్టర్ సంగతి మాత్రం ఒక్కరూ చెప్పరు.

హనుమకొండలో మా ఇంట్లో బయలుదేరే ముందు రాత్రి కొక్కెం కాంటాకు సూట్‌కేసు తగిలిస్తే 23 కిలోల లిమిట్ మీద ఆరు వందల గ్రాములు ఎక్కువ చూపించింది. అమ్మ నా అడాప్టర్ చేతిలోకి తీసుకుని "గిదేందిరా ఇటుక లెక్క గింత బరువున్నది? తమ్ముని చార్జర్ తీస్కపో, సన్నగున్నది" అంది. వైర్లతో కలిపి దగ్గర దగ్గర కిలో ఉంటుంది మరి. తీసేశాను. ఆ ఖాళీలో సకినాలు పెట్టింది.

ఇక్కడికి వచ్చాక మొదటి ప్రాజెక్టు. ల్యాప్‌టాప్ ప్లగ్‌లోనే ఉంది, అయినా బ్యాటరీ 71, 64, 52 అని దిగిపోతోంది. స్క్రీన్ మూల నుంచి "స్లో చార్జర్" అని ఒక నోటీసు వచ్చింది, నేను దాన్ని మూసేసి పని చేసుకుంటూ పోయాను. రాత్రి రెండింటికి టప్పున ఆరిపోయింది. నెల రోజులు ల్యాప్‌టాప్ పాడైందనే అనుకుని విండోస్ రెండుసార్లు మళ్లీ వేశాను, అంత తెలివి నాది.

లెక్క చాలా చిన్నది. ల్యాప్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 4060 ఉందనుకో, ఆ ఒక్క గ్రాఫిక్స్ చిప్పే మోడల్‌ను బట్టి 115 వాట్ల దాకా, బూస్ట్‌లో ఇంకో 25 దాకా లాగుతుంది. ప్రాసెసర్‌కు 45, 55, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. తర్వాత స్క్రీన్, ఫ్యాన్లు, పక్కన బ్యాటరీ నిండడం. అందుకే కంపెనీ వాడు 230 వాట్ల ఇటుక ఇచ్చాడు, పెద్ద వాటికి 330 కూడా ఇస్తాడు. 65తో నడపడమంటే నలుగురికి వండిన అన్నం పదిమందికి పెట్టడమే. మిషన్ తనే స్పీడు తగ్గించుకుంటుంది, అదీ చాలకపోతే బ్యాటరీని తింటుంది. కొన్ని గేమింగ్ ల్యాప్‌టాప్‌లు టైప్-సీ నుంచి అసలు చార్జింగే తీసుకోవు. 2021లో వచ్చిన కొత్త టైప్-సీ ప్రమాణంలో 240 వాట్ల దాకా వెళ్లొచ్చు, నిజమే, కానీ చార్జర్, వైరు, ల్యాప్‌టాప్ మూడూ దానికి తగ్గవి అయితేనే. మామూలు టైప్-సీ వైరు పెడితే 60 వాట్ల దగ్గరే ఆగిపోతుంది.

సరే, పోగొట్టుకున్నావు, కొనాలి. ఇటుక వెనక సన్న అక్షరాలు చదువు. అవుట్‌పుట్ 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు అని ఉంటే గుణించు, 230 వాట్లు. వోల్టులు పాతదానికి సరిగ్గా కలవాలి, ఆంపియర్లు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి. ఎక్కువైతే కాలిపోతుందేమో అని టెన్షన్ వద్దు, ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే లాక్కుంటుంది.

ఇక్కడ కూడా నేనొక తప్పు చేశాను. ఆన్‌లైన్‌లో సగం ధరకు పేరులేని 230 వాట్లది కొన్నాను. పిన్ చక్కగా దిగింది, పచ్చ లైటు వెలిగింది, బ్యాటరీ మాత్రం రాత్రంతా ఒక్క శాతం ఎక్కలేదు. పిన్ మధ్యలో సూది లాంటిది ఉంటుంది చూడు, కొన్ని కంపెనీల వాటిలో "నేను ఇన్ని వాట్లు" అని ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. ఆ మాట వినపడకపోతే మిషన్ నమ్మదు, నత్తలా నడుస్తుంది. చివరికి ఒరిజినల్‌కే వంద డాలర్లకు పైగా పెట్టాను. అప్పట్లో నాకు అది రెండు వారాల కిరాణా సామాను.

ఇంకొకటి, దయచేసి ట్రాన్స్‌ఫార్మర్ మోసుకు రాకండి. మా దోస్తు ఒకడు "అక్కడ కరెంటు 120 వోల్టులే" అని షాపాయన అంటే నమ్మి రెండు కిలోల డబ్బా తెచ్చాడు. ఇటుక మీద ఇన్‌పుట్ 100-240 అని ఉంటే అమెరికా అయినా ఇంగ్లండ్ అయినా అదే నడుస్తుంది. మార్చాల్సింది గోడకు పెట్టే వైరు ఒక్కటే. పెద్ద ఇటుకలకు చాలావరకు డెస్క్‌టాప్‌కు, మానిటర్‌కు వాడే వైరే సరిపోతుంది, ఇక్కడ కొద్ది డాలర్లకు దొరుకుతుంది. (మిక్సీ సంగతి వేరు, దానికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అమ్మలకు చెప్పండి.) మన లావు పిన్నులను యూనివర్సల్ ట్రావెల్ ప్లగ్‌లో కుక్కి రోజుల తరబడి నడపొద్దు, వదులుగా ఉన్న చోట వేడెక్కుతుంది, నాది ఒక మూల గోధుమ రంగుకు తిరిగింది. పాత ఇళ్లలో సాకెట్‌కు ఎర్త్ లేకపోతే ల్యాప్‌టాప్ మెటల్ అంచు మీద మణికట్టు పెట్టగానే సన్నగా జివ్వుమంటుంది. అది నీ భ్రమ కాదు, ఇంటి ఓనరుకు చెప్పు. ఇటుకను కార్పెట్ మీద, దుప్పటి కింద పెట్టకు.

ఇంత భయపెట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. తక్కువ వాట్ల చార్జర్ వల్ల నీ మిషన్ చెడిపోదు. టైప్-సీ చార్జింగ్ ఉన్నదైతే నోట్స్, మెయిల్, ఇంటికి వీడియో కాల్ 65 వాట్లతో నడుస్తాయి, నేను నెలకు పైగా అట్లనే బతికాను.

కాజీపేట తమ్ముడి ఇటుక డిసెంబరులో ఎవరో తెస్తారట. అదే పిన్, అవే 20 వోల్టులు కాబట్టి అప్పటిదాకా నాది వాడికి ఇచ్చాను. ఒక సకినాల డబ్బా నా దగ్గర పెట్టుకున్నాను, సగం అయిపోయింది.