వాటర్‌షెడ్ ప్లానర్లకు శిక్షణ పెడుతున్నారా? ముందు గుట్ట ఎక్కించండి

కొత్తగా చేరిన టెక్నికల్ ఆఫీసర్లకు వాటర్‌షెడ్ (వాన నీళ్లన్నీ ఒకే వంకలోకి పారే ప్రాంతం, అంటే పరీవాహకం) శిక్షణ అంటే చాలాచోట్ల జరిగే తంతు తెలిసిందే. ఏసీ హాలు, ప్రొజెక్టరు, మధ్యాహ్నం మంచి భోజనం, ఆఖరి రోజు ఒక ఊరికి బస్సులో వెళ్లి చెక్ డ్యామ్ ముందు గ్రూప్ ఫోటో, చేతికి సర్టిఫికెట్. ఆ తర్వాత వారమే ఆ పిల్లాడు 5,000 హెక్టార్ల ప్రాజెక్టుకు డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) రాయాలి. పక్క మండలం డీపీఆర్ తెచ్చి ఊరి పేర్లు మార్చేస్తాడు, ఇంకేం చేస్తాడు పాపం.

డబ్బు లేక ఇలా జరుగుతోందనుకోవద్దు. 2009లో మొదలైన కేంద్ర వాటర్‌షెడ్ పథకం ఐడబ్ల్యూఎంపీలోనే సంస్థాగత నిర్మాణానికీ శిక్షణకూ ప్రాజెక్టు సొమ్ములో 5 శాతం పక్కన పెట్టారు. ఆ తర్వాత వచ్చిన కేంద్ర పథకం డబ్ల్యూడీసీ 2.0లో హెక్టారు ఖర్చు మైదాన ప్రాంతాల్లో 22,000 రూపాయల దాకా వెళ్లింది. అంత సొమ్ము ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్పేవాడికి నేల చూడటం రాకపోతే ఎలా? రాయలసీమ, పాలమూరు లాంటి మెట్ట ప్రాంతాలను దృష్టిలో పెట్టుకుని, శిక్షణ ఎలా నడిపితే పని వస్తుందో రాస్తున్నాను. మీరు ఎన్జీవో అయినా, ప్రభుత్వ ప్రాజెక్టు అయినా పెద్ద తేడా ఏమీ ఉండదు.

మొట్టమొదట ఒక ఊరు ఎంచుకోండి. హాలు కాదు, ఊరు. గుట్ట, దాని కింద మెట్ట పొలాలు, ఇంకా కింద వంక, ఆ వంక చేరే చెరువు, ఇవన్నీ ఒక పూటలో నడిచి చూడగలిగేంత చిన్న పరీవాహకం అయితే చాలు. పాత పనులు కొన్ని ఉన్న ఊరైతే ఇంకా మంచిది, ఎందుకంటే తెగిన గట్టు, పూడిపోయిన చెక్ డ్యామ్ నేర్పినంతగా ఏ మోడల్ వాటర్‌షెడ్డూ నేర్పదు. మోడల్ ఊరు కూడా చూపించండి, కాదనను. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1999 నుంచి మరికొన్ని సంస్థలతో కలిసి చేసిన పని చూడదగ్గదే. కాకపోతే దాన్ని చివర్లో చూపించండి. ముందే చూపిస్తే అందరూ అదే నకలు గీస్తారు.

కాలం కూడా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో పొలాలు ఖాళీగా ఉంటాయి కాబట్టి కొలతలకు బాగుంటుంది. అక్కడితో ఆపేయకుండా శిక్షణను రెండు ముక్కలు చేసి, రెండో ముక్క వానల్లో పెట్టండి. అనంతపురం వైపు సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే ఎక్కువ, అందులోనూ పెద్ద వాటా సెప్టెంబరుదే. వాన కురుస్తుండగా గొడుగేసుకుని పొలంలో నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో, ఏ రంగులో పోతున్నాయో చూడని ప్లానర్‌ని నేనైతే ప్లానర్ అనను.

మొదటి రోజు నడక. గుట్ట మీద నుంచి మొదలుపెట్టి కిందికి దిగాలి, చేతిలో నోట్‌బుక్ తప్ప ఏమీ వద్దు. దారిలో ఆపి ఆపి అడగండి. ఈ రాయి చూడండి, చిన్న మట్టి దిమ్మె మీద కూర్చున్నట్టు ఉంది, ఎందుకు? చుట్టూ ఉన్న మట్టి వాన దెబ్బకు కొట్టుకుపోయింది, రాయి గొడుగులా అడ్డం ఉండటంతో దాని కింద మట్టి మాత్రం మిగిలింది. ఆ దిమ్మె ఎత్తు స్కేలు పెట్టి కొలిపించండి, అది పోయిన మట్టి మందం. కనీసం అంత పోయిందన్నమాట. తుమ్మ చెట్టు మొదట్లో వేళ్లు బయటపడ్డాయా, గట్టుకు పైవైపు మట్టి మేట వేసి కిందివైపు రాళ్లు తేలాయా, ఇవన్నీ ఇలాగే చదివించాలి. పొర కోత కంటికి కనిపించదని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఎక్కడ చూడాలో తెలిస్తే బాగానే కనిపిస్తుంది.

నేల రకం చేత్తోనే చెప్పగలగాలి. గుప్పెడు మట్టి తడిపి పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలా నొక్కమనండి. పట్టీ రాకుండా రాలిపోతే ఇసుక ఎక్కువ, పొడుగ్గా సాగితే బంక మట్టి. ఇది ఎందుకంటే, ఎర్ర నేలలో నిలిచే గట్టు లోతైన రేగడిలో నిలవదు. వేసవిలో నెర్రెలు విచ్చి గట్టు చీలుతుంది, తొలి పెద్ద వానకు ఆ చీలికలోంచే గండి పడుతుంది. అలాంటి చోట సమతల గట్టు (పొడవునా ఒకే ఎత్తులో వేసేది) బదులు కొంచెం వాలు ఇచ్చి, నీటిని నెమ్మదిగా పక్కకు తీసే గట్టు వేయాలి. రేగడి నేలల మీద పనిచేయాల్సిన బ్యాచ్ అయితే బళ్లారిలో 1954 నుంచి ఉన్న నేల, నీటి సంరక్షణ పరిశోధన కేంద్రానికి ఒకసారి తీసుకెళ్లండి.

తర్వాత లెవల్, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం. దీనికి ఖరీదైన పరికరాలు వద్దు, మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవల్, అదే నీళ్లు నింపిన పైపు, చాలు. పైపులో గాలి బుడగ ఉంటే లెక్క మొత్తం పోతుంది, ముందు అది చూడటం నేర్పండి. ఏ-ఫ్రేమ్ అయితే ఇంగ్లిష్ A ఆకారంలో కట్టిన మూడు కర్రలు, పైనుంచి వేలాడే ఒక తాడు, దాని చివర ఒక రాయి. కాళ్లు పెట్టిన చోట నేల మీద గుర్తు పెట్టి, తాడు అడ్డకర్రను తాకిన చోట గీత గీసి, కాళ్లు అటుదిటు మార్చి అవే గుర్తుల మీద నిలిపి మళ్లీ గీత గీయండి. రెండు గీతల సరిగ్గా మధ్యన ఉండేదే లెవల్ గుర్తు. ప్రతి ఒక్కరూ సొంతంగా ఒకటి కట్టి, ఒక పొలంలో సున్నంతో సమతల రేఖ గీయాలి. ఎవరి గీత సరైనదో వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి.

వాలు లెక్క దగ్గరే ఎక్కువ మంది బోల్తా పడతారు. 10 మీటర్ల దూరంలో 30 సెంటీమీటర్ల తేడా ఉంటే వాలు 3 శాతం. గట్ల మధ్య నిలువు ఎడానికి (ఒక గట్టుకూ దాని కింది గట్టుకూ ఉన్న ఎత్తు తేడాకు) మన దగ్గర ఎక్కువగా వాడే సూత్రం ప్రకారం వాలును 3తో భాగించి, 2 కలిపి, 0.3తో గుణిస్తే 0.9 మీటర్లు వస్తుంది. అంటే నేల మీద 30 మీటర్లకు ఒక గట్టు. ఇప్పుడు ఫోన్‌లో యాప్ పెట్టి కొలిచిన కుర్రాడికి 3 అని కనిపించింది, 3 శాతం అని రాసేశాడు. అది డిగ్రీలు. 3 డిగ్రీలంటే 5 శాతం పైమాటే, అక్కడ గట్టు 21 మీటర్లకే పడాలి. 30 మీటర్లకు వేస్తే మధ్యలో నీళ్లు వేగం పుంజుకుని గట్టును తన్నుకుపోతాయి. ఈ లెక్క బోర్డు మీద కాకుండా పొలంలో అడుగులతో నడిపించి చూపించండి.

ఫారం పాండ్ (పొలంలో తవ్వే నీటి కుంట) లెక్క కూడా ఇలాంటిదే. పైన 10 బై 10, లోతు రెండున్నర మీటర్లు అనగానే 250 ఘనపు మీటర్లు అని టకీమని చెప్పేస్తారు. పక్కలు నిటారుగా తవ్వితే కూలిపోతాయి కదా, ఒకటికి ఒకటి వాలు (మీటరు లోతుకు మీటరు లోపలికి) ఇస్తే అడుగు 5 బై 5 అవుతుంది, పట్టే నీళ్లు 146 ఘనపు మీటర్లే. అంచనాలోనే వంద ఘనపు మీటర్లు గాల్లో ఉన్నాయి! ఇక నీళ్లు వస్తాయా అన్నది: హెక్టారు పొలం మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5 లక్షల లీటర్లు. అందులో 20 శాతం పారిందనుకుంటే లక్ష లీటర్లు, అంటే 100 ఘనపు మీటర్లు. పారేది ఎంత శాతమో నేలను బట్టి, పంటను బట్టి మారుతుంది, దాని మీద ఒక పూట కేటాయించినా తప్పులేదు.

మ్యాపులూ జీఐఎస్సూ (కంప్యూటర్ మీద మ్యాపుల పని) ఇప్పుడు నేర్పండి, నడక అయ్యాక. ఇస్రో మ్యాపుల సైటు భువన్, ఎత్తుపల్లాలు చూపే సర్వే పటాలైన టోపోషీట్లు అన్నీ పనికొస్తాయి, కానీ వాటి హద్దు చెప్పాలి. 1:50,000 టోపోషీట్‌లో ఒక హెక్టారంటే 2 మిల్లీమీటర్ల గడి, మామూలుగా కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. దాని మీద పరీవాహకం హద్దు గీయొచ్చు, గట్టు గీయకూడదు. ఉచితంగా దొరికే 30 మీటర్ల ఎత్తుల డేటా కూడా అంతే. స్క్రీన్ మీద రంగులు బాగుంటాయి కాబట్టి నమ్మాలనిపిస్తుంది, అదే చిక్కు.

మనుషులతో మాట్లాడటం మాత్రం ఏ టూల్‌తోనూ రాదు. పీఆర్‌ఏ (ఊరివాళ్లతో కలిసి ఊరి పరిస్థితి తెలుసుకునే పద్ధతి) పేరుతో ముగ్గుపిండితో మ్యాపు వేయించి ఫోటో తీసుకుని వచ్చేస్తే పనైపోదు. ట్రైనీని ఒంటరిగా పంపి ముగ్గురితో మాట్లాడి రమ్మనండి: పైపొలం రైతు, అతని కిందిపొలం రైతు, గుట్ట మీద గొర్రెలు మేపే మనిషి. గట్టు వేస్తే పైవాడి మూల మడిలో నీళ్లు నిలిచి వేరుశనగ కుళ్లుతుంది, మరవ (ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి) ఎటు పెట్టారన్నదాన్ని బట్టి కిందివాడి గట్టు తెగుతుంది, గుట్ట మీద కందకాలు తీసి మొక్కలు నాటితే కాపరికి మేత పోతుంది. "అన్నా, ఈ మరవ నీళ్లు ఎవరి చేలోకి పోతాయి?" అని అడిగినవాడికే అసలు సంగతులు తెలుస్తాయి. కౌలు రైతుంటే భూమి యజమాని సంతకం ఎవరు తెస్తారో కూడా అప్పుడే తేలాలి.

బోర్ల సంగతి వదిలేసిన ప్లాన్ సగం ప్లానే. ఎగువన ఇంకించిన నీళ్లు దిగువన కొత్త బోరు తోడేస్తే లాభం ఎవరికి? ఉమ్మడి రాష్ట్రంలో 7 కరువు జిల్లాల్లో నడిచిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టులో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీ ముందు కూర్చుని ఊరి నీటి లెక్క వేసుకునేవాళ్లు. ట్రైనీల చేత అదే లెక్క ఒక ఊరికి వేయించండి. వరి ఎంత వేస్తే ఎంత నీళ్లు, చిరుధాన్యాలకెంత, మిగిలేదెంత అన్నది ఒక్క చార్టు మీద రావాలి.

రాత పరీక్ష పెట్టకండి. ముందెప్పుడూ చూడని ఒక చిన్న పరీవాహకం ఇచ్చి, ప్లాన్ వేయించి, దాన్ని ఆ ఊరి గ్రామసభలో కంప్యూటర్ లేకుండా మామూలు తెలుగులో చెప్పమనండి. "ట్రీట్‌మెంట్", "ఇంటర్‌వెన్షన్" అంటే మార్కులు కోసేయండి. రైతులు అడిగే ప్రశ్నలే పరీక్ష.

రెండో ముక్క, వానల్లో పెట్టమన్నది, ఎగరగొట్టే పని అని అందరికీ తెలుసు, బడ్జెట్ అయిపోతుంది, బ్యాచ్ చెదిరిపోతుంది. అందుకే ముందే డబ్బు పక్కన పెట్టి, తొలి భారీ వాన పడిన రెండు మూడు రోజుల్లో అదే ఊరికి తీసుకెళ్లండి. సున్నపు గీతల మీద వేసిన గట్లలో ఏవి తెగాయి, మరవ చాలిందా, కుంటలో ఎంత చేరింది, అన్నీ మళ్లీ కొలిపించి పాత అంచనా కాపీ మీదే ఎర్ర పెన్నుతో రాయించండి. ఆ కాపీలు పారేయకుండా దాచి, తర్వాతి బ్యాచ్‌కి మొదటి రోజు స్టడీ మెటీరియల్ బదులు అవే పంచండి.